దొరసానికి డిస్క్ బ్రేకులు

ఆ ఇంట్లో పొద్దున్నే మొదటి పలకరింపు దొరసానికి. మనుషుల వంతు ఆ తర్వాతే. దొరసాని అంటే షెడ్డులో ఉన్న మీగడ రంగు పాత కారు. మాస్టారు లేస్తూనే మెత్తటి గుడ్డ పట్టుకుని వెళ్ళి, దాని ఒళ్ళంతా తుడిచి, అద్దంలో తన మీసం ఓసారి చూసుకుని, అప్పుడు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి "కాఫీ అయిందా?" అంటారు. పెళ్ళైన నాటి నుంచీ ఇదే వరస. మోటారు మెకానిక్కులకి శిక్షణ ఇచ్చే కేంద్రంలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం వర్క్‌షాపులు ఆయన శిష్యులవే.

ఆ రోజు ఆయన అన్నగారి ఊరికి బయల్దేరుతున్నారు. అన్నగారికి హెర్నియా ఆపరేషన్ అయింది, కొన్నాళ్ళు తోడుండి రావాలి. సంచి సర్దుకుని కాఫీ తాగుతుండగా, పక్కింట్లో కొత్తగా దిగిన పోస్టుమాస్టరు పలకరించడానికి వచ్చాడు. షెడ్డులో కారు చూసి ముచ్చటపడ్డాడు. ఇంకేం, మాస్టారికి వినేవాడు దొరికాడు.

"జన్మలో ఒక్కసారే దెబ్బ తిందండీ నా దొరసాని," అన్నారు మాస్టారు కుర్చీలో సర్దుకుంటూ. "మలుపులో ఎదురుగా లారీ. నేను బ్రేకు తొక్కాను. బండి ఆగేదే. ఇంతలో మా ఆవిడ అరిచింది. ఏం అరుపనుకున్నారు, సైరను పనికిరాదు. అరుస్తూ అరుస్తూ స్టీరింగు పట్టి లాగింది. వెళ్ళి గోడకి గుద్దాం. ఆవిడ అరిచింది, నేను గుద్దాను. మా కాపురం మొత్తం అంతే అనుకోండి."

పోస్టుమాస్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. మాస్టారికి హుషారొచ్చింది. "ఆ దెబ్బకి ఆవిడ చెయ్యి కాస్త మొరాయించింది. అదీ మంచికే అయింది. లేకపోతే ఈపాటికి ఇంటి స్టీరింగు కూడా నా చేతిలో ఉండేది కాదు."

లోపల గిన్నె తోముతున్న టైలరమ్మ చెయ్యి ఆగింది. ఆవిడ మాస్టారి భార్య. ఒకప్పుడు ఊళ్ళో పెళ్ళి గౌను కుట్టించుకోవాలంటే ఆవిడ దగ్గరే. పిల్లకి సంబంధం కుదరకముందే వచ్చి వరసలో పేరు చెప్పుకునేవాళ్ళు. గోడకి కారు గుద్దిన రోజు కుడి మణికట్టు నలిగింది. బొటనవేలు మళ్ళీ వంగలేదు. సూదిలోకి దారం కూడా ఎక్కించలేని మనిషిని జనం ఇప్పటికీ టైలరమ్మ అనే పిలుస్తారు. పని పోయింది, పేరు మిగిలింది.

మొదట్లో ఆవిడ చెప్పి చూసింది, నేను స్టీరింగు ముట్టుకోలేదని. "నీకేం గుర్తుంటుంది, భయంలో ఉన్నావు" అన్నారు మాస్టారు. అత్తవారు అదే అన్నారు, పుట్టింటివాళ్ళూ అదే అన్నారు. చివరికి ఆవిడే నోరు మూసుకుంది. నలుగురు కూడిన చోటల్లా ఆ కథ నడిచేది, అందరూ నవ్వేవాళ్ళు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, అలా. నవ్వులు అయ్యాక ఆవిడ కాఫీ కప్పులు ఎడమ చేత్తో ఏరుకుని లోపలికి వెళ్ళేది.

మాస్టారు బస్సెక్కారని తెలిసిన వెంటనే టైలరమ్మ కూతురికి ఫోన్ చేసింది. "చిట్టీ, షాపుకి తాళం వేసి రా. పని ఉంది."

చిట్టి అన్న పేరు చిన్నప్పటిది. ఇప్పుడా పిల్ల టైరు ఒంటి చేత్తో ఎత్తి భుజానికి వేసుకోగలదు. రెండు వీధుల అవతల సొంతంగా బ్రేకుల షాపు నడుపుతోంది. వచ్చేసరికి షెడ్డు మధ్యలో ఓ బరువైన అట్టపెట్టె ఉంది. దాన్ని తల్లి మంచం కిందనుంచి ఈడ్చుకొచ్చిందని నేల మీద గీతలు చెబుతున్నాయి.

మూత తీసి చూసి చిట్టి అలాగే ఉండిపోయింది. తళతళలాడే రెండు ఉక్కు డిస్కులు, వాటిని పట్టుకునే కాలిపర్లు, ప్యాడ్లు, గొట్టాలు, పెడలు తొక్కితే బ్రేకు నూనెని చక్రాలకి నెట్టే కొత్త మాస్టర్ సిలిండరు. ముందు చక్రాల డ్రమ్ బ్రేకులు పీకేసి డిస్క్ బ్రేకులు పెట్టడానికి కావలసిన సరంజామా అంతా ఉంది.

"ఇది దొరసాని కొలతల్లో ఉందేమిటమ్మా?"

"దొరసానికే కాబట్టి. నీకు సరుకు ఇచ్చేవాడికే చెప్పి తెప్పించాను. మాస్టారు అడిగారన్నాను. మాస్టారంటే వాడు మారు మాట్లాడడు కదా."

"నాన్న నన్ను ముక్కలు చేస్తాడు."

"ముందు నన్ను చెయ్యాలి. వరసలో నీకంటే ముందున్నాను."

"అది కాదమ్మా, ఆదివారం పాత కార్ల ప్రదర్శన. ఈసారి 'అసలు సిసలు' షీల్డు నాన్నకే అంటున్నారు. ఫ్యాక్టరీలోంచి వచ్చిన పార్టు ఒక్కటి మార్చినా బండిని ఆ వరసలో నిలబెట్టనివ్వరు."

"తెలుసు. అందుకే ఈ వారం."

చిట్టి తల్లి మొహంలోకి చూసింది. ఆ మొహంలో కోపం కూడా లేదు. వంట మొదలుపెట్టే ముందు కూరలు చూసుకునేటప్పుడు ఉండే నిదానం ఉంది. అదే భయమేసింది చిట్టికి. "ఇంత కక్షా?" అంది మెల్లగా.

"కక్షే. దానికి ఇంకో పేరు పెట్టడం నాకు రాదు. నాకు కావలసింది ఒక్కటే చిట్టీ. నలుగురిలో, ఆయన నోటితో, ఆ రోజు తప్పు నాది కాదని చెప్పాలి. అది ఈ జన్మలో జరగదు. నా చేతిలో ప్రాణం ఆయన ఆటగా తీసేశారు. ఆయన ప్రాణం ఈ బండిలో ఉంది. నేనూ తీసేస్తాను. చెల్లుకి చెల్లు."

చిట్టి వద్దనాల్సిన మాటే. కానీ దానికీ లోపల ఒక ముల్లుంది. స్పానర్ పట్టడం నేర్పింది నాన్నే. దొరసాని ఇంజిను విప్పనిచ్చాడు, గేర్‌బాక్సు విప్పనిచ్చాడు. ముందు చక్రాల దగ్గర కూర్చోబోతే మాత్రం "నీకు తెలీదులే, లే అక్కణ్ణించి" అనేవాడు. బ్రేకుల షాపు పెట్టింది ఆ మాట మీద పంతంతోనే. ఇప్పుడు ఆ చక్రాలు దాని ముందున్నాయి. జాకీ తెచ్చి బండి కింద పెట్టింది.

ముందు ఎడమ చక్రం. ఏది విప్పినా ముందు ఫోన్లో ఫోటో తీసుకోవడం చిట్టి అలవాటు. డ్రమ్ము లాగింది. లోపల అర్ధచంద్రాల్లాంటి రెండు షూలు, వాటి మీద డ్రమ్మును రాసుకుని ఆపే లైనింగు పట్టీ. బ్రేకు తొక్కితే ఆ షూలు విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి ఒత్తిపట్టి ఆపుతాయి. ఫోటో తీసి, స్ప్రింగులు ఊడదీసి, ఏ షూ ముందుదో ఏది వెనకదో సుద్దముక్కతో రాసి పక్కన పెట్టింది. తల్లి స్టూలు మీద కూర్చుని టార్చి పట్టింది.

"ఆ డిస్కు ఎలా పట్టుకుంటుందే?"

"చెవి పట్టుకున్నట్టు. రెండు వైపులా రెండు ప్యాడ్లు నొక్కుతాయి. ఎంత వేగంలో ఉన్నా దారికొస్తుంది."

"ఆ పని నేను ముందే చెయ్యాల్సింది," అంది టైలరమ్మ. కారు చెవి గురించి కాదని చిట్టికి అర్థమైంది.

తర్వాత కుడి చక్రం, డ్రైవరు వైపుది. డ్రమ్ము తుప్పుతో అతుక్కుని, సుత్తి దెబ్బలకి గానీ రాలేదు. వచ్చాక చిట్టి ఫోటో తీసి స్ప్రింగు మీద చెయ్యి వేయబోయింది.

"ఆగు," అంది టైలరమ్మ. టార్చి దగ్గరగా పెట్టింది. "ఇక్కడ పొట్టోడు వెనకెందుకున్నాడు?"

చిట్టి చూసింది. రెండు షూలు చూడ్డానికి కవలల్లా ఉంటాయి గానీ కాదు. ఒకదాని మీద లైనింగు పొట్టి, ఇంకోదాని మీద పొడుగు. పొట్టిది బండి ముందు వైపు, పొడుగుది వెనక వైపు ఉండాలి. కదిలే బండిలో ముందు షూ డ్రమ్మును అంటుకుని, ఆ ఊపుతో వెనక షూని నెడుతుంది, అసలు పట్టు దానిదే. తారుమారు చేస్తే పెడలు మామూలుగానే ఉంటుంది, పట్టు మాత్రం సగమవుతుంది. ఈ పాఠం చెప్పడానికి మాస్టారికి ఓ కొండగుర్తు ఉండేది. "గ్రూపు ఫోటో గుర్తు పెట్టుకోండిరా. పొట్టోళ్ళు ముందు, పొడుగోళ్ళు వెనక." సాయంత్రాలు కుర్రాళ్ళు ఇంటికొచ్చి ఈ వరండాలోనే చెప్పించుకునేవాళ్ళు. లోపల మిషను తొక్కుతూ టైలరమ్మ ఆ మాట ఎన్నిసార్లు విందో.

చిట్టి నేల మీద చతికిలబడింది. "అమ్మా, ఈ బ్రేకులు ఎవరు కట్టారు?"

"ఆయనే. ఆ ప్రయాణానికి ముందు రోజు. కొత్త లైనింగు వేశానని మురిసిపోయారు. టీ తెచ్చిచ్చింది నేనే కదా."

"తర్వాత ఎవరైనా విప్పారా?"

"గుద్దాక సొట్టలు తీసిన డెంటింగు పనంతా ఎడమ వైపే. ఇటు ఎవరూ చెయ్యి పెట్టలేదు."

"కుడి చక్రం సగమే పట్టింది, ఎడమది మొత్తం పట్టింది. గట్టిగా తొక్కితే బండి ఎటు పోతుంది?"

టైలరమ్మ టార్చి ఎడమ సీటు వైపు తిప్పింది. "ఎడమకి," అంది. "గోడ వైపుకి. నేను కూర్చున్న వైపుకి."

"ఎవరూ స్టీరింగు లాగక్కర్లేదమ్మా. అదే పోతుంది."

టైలరమ్మ తన కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. తర్వాత అంది, "నీకు తెలీదు చిట్టీ. అందరూ అనీ అనీ, నాకే అనుమానం వచ్చేసింది. నిజంగానే లాగానేమో, భయంలో మరిచిపోయానేమో అని. ఎన్నిసార్లు కళ్ళు మూసుకుని ఆ మలుపు దగ్గరికి వెళ్ళి నా చేతులు ఎక్కడున్నాయో వెతుక్కున్నానో." పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. అంతలోనే సర్దుకుంది. ఏడవడానికి ఆవిడకి తీరిక లేదు. ఇంతసేపూ ఉన్నది చిన్న కక్ష, ఇప్పుడు దానికి సాక్ష్యం దొరికింది.

కుడి చక్రం షూలు రెండూ పాత గౌను గుడ్డలో చుట్టింది. "ఇవి నావి. ఆయనకి ఫోన్లో ఒక్క ముక్క చెప్పావంటే నువ్వు నా కూతురివే కాదు. నలుగురిలో నవ్వించారుగా, నలుగురిలోనే ఏడిపిస్తాను."

మిగతా పనికి ఇంకో రెండు పూటలు పట్టింది. షూలు కూర్చునే పాత ప్లేట్లు విప్పి, బ్రాకెట్లు బిగించి, డిస్కులు ఎక్కించి, కాలిపర్లు కూర్చోబెట్టి, డ్రమ్ముల కోసం చేసిన పాత సిలిండరు డిస్కులకి చాలదు కాబట్టి అదీ మార్చింది చిట్టి. చివరికి బ్రేకు నూనె గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. టైలరమ్మ డ్రైవరు సీట్లో కూర్చుంది. ఆ కారెక్కడం చెయ్యి విరిగాక ఇదే మొదలు.

"తొక్కు," అంది చిట్టి కిందనుంచి. "పట్టుకో. వదులు. మళ్ళీ తొక్కు."

టైలరమ్మ తొక్కింది. ఆ తొక్కడంలో పాత బాకీలన్నీ ఉన్నాయి. "కొంచెం మెల్లగా, పెడలు ఊడొస్తుంది" అని చిట్టి మొత్తుకోవాల్సి వచ్చింది.

ఆదివారం మైదానంలో పాత కార్లన్నీ పెళ్ళికొడుకుల్లా ముస్తాబై వరసగా నిలబడ్డాయి. బండిని చిట్టి తీసుకొస్తుందనీ, అన్నగారి ఊరినుంచి నేరుగా అక్కడికే రమ్మనీ మాస్టారికి ముందే కబురు వెళ్ళింది. ఆయన బస్సు దిగి చంకలో సంచితో గబగబా వచ్చారు. దొరసాని ఎడమ సీట్లో కూర్చున్న భార్యని చూసి ఆగిపోయారు.

"నువ్వెందుకొచ్చావు? అక్కడ కూర్చున్నావేంటి? దిగు, ముందు దిగు."

ఆ సీట్లో ఆయన ఎవరినీ కూర్చోనివ్వరు. టూల్‌బాక్సు పెడతారు. సీటు కవరు అసలుది, నలుగుతుందని బాధ అనుకునేవాళ్ళు అందరూ.

"మీ ఘనకార్యం చూద్దామని వచ్చాను," అని టైలరమ్మ నెమ్మదిగా దిగింది.

శిష్యులు చుట్టూ మూగారు. పాత కార్ల సంఘం ప్రెసిడెంటు కూడా ఒకప్పటి శిష్యుడే, ఇప్పుడు బట్టతల, మెడలో మైకు. "మాస్టారూ, అమ్మగారు కూడా వచ్చారు. ఆ కథ ఆవిడ ముందు ఓసారి చెప్పాలి మీరు," అని మైకు అందించాడు. మాస్టారు ఒక్క క్షణం తటపటాయించారు. కానీ నవ్వడానికి తయారుగా ఉన్న అన్ని మొహాలు చూసి ఏ మనిషి ఊరుకుంటాడు? మొదలుపెట్టారు. మలుపు, లారీ, సైరను. "ఆవిడ అరిచింది, నేను గుద్దాను" దగ్గర మైదానమంతా గొల్లుమంది.

నవ్వు తగ్గేదాకా టైలరమ్మ ఆగింది. "ప్రెసిడెంటు బాబూ, షీల్డు ఇచ్చే ముందు చక్రాలు చూడరా మీరు?"

"మాస్టారి బండికి చూసేదేముందమ్మా," అంటూనే అతను వంగి, చక్రం సందులోంచి టార్చి వేశాడు. మెరుస్తున్న డిస్కు కనిపించింది. లేచి నిలబడి టార్చి మాస్టారి చేతికిచ్చాడు. మాస్టారే వంగి చూశారు. లేచేసరికి ఆయన మొహంలో రక్తం లేదు.

"ఎవరు చేశారీ పని?"

"నేను చేయించాను," అంది టైలరమ్మ.

"నేను కట్టాను," అంది చిట్టి.

"బుద్ధుందా మీకు? జీవితమంతా కంటికి రెప్పలా కాపాడుకున్నాను. ఒక్క నట్టు మార్చలేదు. ఏం ద్రోహం చేశానని?" మైకు ఇంకా చేతిలోనే ఉందని మరిచిపోయారు. ఆ మాట మైదానం అంతా వినిపించింది.

"చెబుతాను," అంది టైలరమ్మ. గుడ్డమూట విప్పి రెండు షూలు బానెట్ మీద పెట్టింది. శిష్యుల వైపు తిరిగింది. "మీ మాస్టారి గ్రూపు ఫోటో పాఠం గుర్తుందా నాయనా?"

గుర్తులేకేం. నెరిసిన మీసాలవాళ్ళు కూడా బడిపిల్లల్లా ఒకే గొంతుతో అందుకున్నారు, పొట్టోళ్ళు ముందు, పొడుగోళ్ళు వెనక అని. చిట్టి చక్రాలు విప్పినప్పుడు తీసుకున్న ఫోటోలు ఫోన్లో తెరిచి ప్రెసిడెంటు చేతిలో పెట్టింది. అతను చూసి పకపకా నవ్వాడు. "ఎడమది బానే ఉంది. కుడి దాన్ని ఏ గాడిద కట్టాడు? వీడెవడో మాస్టారి క్లాసులో నిద్రపోయుంటాడు."

ఎవరూ నవ్వలేదు. మాస్టారు బానెట్ మీద చెయ్యి ఆన్చుకున్నారు. టైలరమ్మ ఆ మొహం మీద ఆశ్చర్యం కోసం చూసింది. ఇన్నాళ్ళ తర్వాత నిజం తెలిసి, ఆయన నిలువునా కూలిపోవడం కళ్ళారా చూడాలని వచ్చింది. ఆశ్చర్యం మాత్రం రాలేదు. తేలు కుట్టిన దొంగ మొహం అది.

"నేనే కట్టాను," అన్నారు మాస్టారు.

చిట్టికి ఒక్కసారిగా ఏదో తట్టింది. "నీకు ముందే తెలుసా నాన్నా?"

"మీ అమ్మ ఆసుపత్రిలో ఉండగానే తెలుసు. చక్రం విప్పి చూశాను."

"చూసి?"

"మళ్ళీ బిగించేశాను."

"అలాగే? తప్పుగానే? నన్ను ముట్టుకోనివ్వంది అందుకా?"

ఆయన తల ఊపారు. "సరిచేద్దామనే విప్పాను. చేతులు ఆడలేదు. సరిచేస్తే తప్పు చేశానని ఒప్పుకున్నట్టు. మూసేస్తే ఏమీ జరగనట్టు. నడిచినంత వేగంలో ఇక్కడికి తెచ్చి, మళ్ళీ తీసుకెళ్ళేవాణ్ణి, అంతే. ఎవరో ఏమైందని అడిగారు. నోటికి ఆ మాట వచ్చింది. వాళ్ళు నవ్వారు. జనం నవ్వితే ఇంకేమీ అడగరు. అది అలవాటైపోయింది."

తెలియక అన్నాడనుకుంటే పాపం సగమే. ఈ మనిషి తెలిసి అన్నాడు. తన కాఫీ తాగుతూ, తన ఎదురుగా కూర్చుని, ప్రతిసారీ తెలిసే అన్నాడు.

"నన్ను నేను అనుమానించుకునేలా చేశారు," అంది. గొంతు పెంచలేదు. "చెయ్యి విరగ్గొట్టడం పొరపాటు. అది ఎవరికైనా జరుగుతుంది. ఇది మాత్రం పొరపాటు కాదు. ఆ మైకులోనే చెప్పండి. ఇప్పటిదాకా ఎలా చెప్పారో అంత గట్టిగా."

చెబుతాడని ఎవరూ అనుకోలేదు. ఆవిడ అసలే అనుకోలేదు. మాస్టారు మైకు నోటి దగ్గర పెట్టుకుని, రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"కథ తిరగేసి చెప్పానండీ ఇన్నాళ్ళూ. ఆవిడ అరిచింది, నేను గుద్దాను కాదు. నేను గుద్దాను, తర్వాత ఆవిడ అరిచింది. చెయ్యి నలిగితే ఎవరైనా అరుస్తారు. ఆవిడ స్టీరింగు ముట్టుకోలేదు. బ్రేకు నేను తప్పు కట్టాను. మీకు నేర్పిన పాఠమే నేను తప్పాను." ఆగారు. "తప్పు ఆవిడది కాదు."

టైలరమ్మ అడిగిందీ అదే, అక్షరం పొల్లుపోకుండా. ఇప్పుడు మనసు చల్లబడాలి. చల్లబడలేదు. ఈ కథ ఎన్ని ఇళ్ళలో, ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పాడో గుర్తొచ్చి ఇంకా మండింది.

"బాగుంది," అంది. "ఇక్కడున్నవాళ్ళు విన్నారు. మిగతావాళ్ళో?"

"మిగతావాళ్ళెవరు?"

"మీరు నవ్వించిన ప్రతి ఒక్కరూ. ఎక్కడెక్కడ ఆ కథ చెప్పారో అక్కడికల్లా వెళ్ళి, ఇప్పుడు చెప్పినట్టు చెప్పాలి. నా ఎదుట. ముందు మీ అన్నయ్యగారిల్లు. బండెక్కండి."

"పొద్దున అక్కణ్ణించే వచ్చానే."

"మరీ మంచిది. దారి వెతుక్కోనక్కర్లేదు."

చిట్టి తాళంచెవి తండ్రి చేతిలో పెట్టింది. ఆయన దాని మొహంలోకి చూడలేకపోయారు. "నీ చేతి మీద నమ్మకం లేక కాదు చిట్టీ" అని మాత్రం అనగలిగారు. చిట్టి కారు తలుపు తెరిచి పట్టుకుంది.

దారంతా మాస్టారు రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకుని, ఎడమ పక్కకి చూడకుండా నడిపారు. "కొంచెం తొక్కండి, చీమలు దాటిపోతున్నాయి" అంది టైలరమ్మ. ఊరి బయట దిగుడులో ముందు వెళ్తున్న బండి హఠాత్తుగా ఆగింది. మాస్టారు బ్రేకు తొక్కారు. దొరసాని తాడు పట్టి గీసినట్టు సూటిగా వెళ్ళి సూటిగా ఆగింది. ఆయన చాలాసేపు పెడలు మీదనుంచి కాలు తియ్యలేదు.

"పక్కకి పోలేదు," అన్నారు.

"పోదు. మీ కూతురు కట్టింది."

అన్నగారు ఇంట్లో మంచం మీద ఉన్నారు, పక్కన వదినగారు పళ్ళు కోస్తోంది. టైలరమ్మకి తోడికోడలు. ఆ కథకి అందరికంటే ఎక్కువసేపు నవ్వేది ఆవిడే. మొన్న రోగిని చూడ్డానికి వచ్చినవాళ్ళకి కూడా మరిదిచేత చెప్పించి నవ్విందని చుట్టాలు ఫోన్లో చెప్పారు. ఆ మొహం ఎలా మాడుతుందో చూడాలని టైలరమ్మ దారంతా ఎదురుచూసింది. ఏమనాలో నాలుగు మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

"అదేంటి, పొద్దున్నే వెళ్ళి మళ్ళీ వచ్చావు?" అన్నారు అన్నగారు.

మాస్టారు కూర్చోలేదు. నిలబడే చెప్పారు. ఇక్కడ మైకు లేదు, జనం లేరు, అందుకే ఇంకా కష్టమైంది. "తప్పు ఆవిడది కాదు వదినా" అనే చోటికి వచ్చేసరికి గోడకేసి తిరిగిపోయారు.

వదినగారు కత్తి పక్కన పెట్టింది. టైలరమ్మ సిద్ధం చేసుకున్న మాటల్లో మొదటిది నోటిదాకా వచ్చింది. ఈలోగా తోడికోడలు లేచి దగ్గరికి వచ్చింది.

"ఏదీ, ఆ చెయ్యి ఇటివ్వమ్మా."

కుడి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. వంగని బొటనవేలుని మెల్లగా తడిమి చూసింది. "ఇన్నేళ్ళూ దీన్ని పట్టుకునైనా చూళ్ళేదు నేను. నవ్వుతూ కూర్చున్నాను. నొప్పెడుతుందా ఇప్పటికీ?"

టైలరమ్మ నోరు తెరిచింది. సిద్ధం చేసుకున్న మాట ఏదీ రాలేదు. ఆసుపత్రినుంచి వచ్చాక ఆ మాట ఆవిణ్ణి అడిగినవాళ్ళు లేరు. కథ విన్నవాళ్ళు నవ్వారు, నవ్వినవాళ్ళు మరిచిపోయారు. తన కోపం ఇన్నాళ్ళూ వెతికింది ఎవరి పతనమో కాదు, ఈ ఒక్క ప్రశ్న అని అప్పుడు తెలిసింది ఆవిడకి.

"పెడుతుందక్కా," అంది. "పడుకున్నాక మొదలవుతుంది. ఆయనకి నిద్ర చెడుతుందని దిండు కింద పెట్టి నొక్కుకుని పడుకుంటాను." అని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

గోడకేసి తిరిగిన మాస్టారు ఇటు తిరిగారు. పక్కనే పడుకునే మనిషికి ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. మైకులో చెప్పినప్పుడు పోయింది పరువు. ఇప్పుడు పోయిందేమిటో ఆయనకే తెలియాలి, కుర్చీ వెతుక్కుని కూలబడ్డారు. అన్నగారు మంచం మీదనుంచి చెయ్యి చాచి తమ్ముడి వీపు మీద వేశారు.

తిరుగు ప్రయాణంలో ఊరు దాటాక మాస్టారే ముందుగా అన్నారు. "రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఆ నొప్పికి ఏదో ఒకటి ఉంటుంది."

"వెళ్దాం."

"నన్ను లేపాల్సింది."

"లేపితే ఏమనేవారు? ఇంకో కథ చెప్పేవారు."

ఆ మాట తగిలిందని ఆయన దాచుకోలేదు. టైలరమ్మ ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుంది. కోపం పూర్తిగా పోయిందంటే అబద్ధం. సగం పోయింది. మిగతా సగానికి ఇంకా చాలా ఇళ్ళున్నాయి.

"వచ్చే ఆదివారం మీ చెల్లెలింటికి," అంది.

"సరే."

"ఆ తర్వాత మీ శిక్షణ కేంద్రానికి."

"సరే."

"ఇవాళ ఇంటికెళ్ళగానే పక్కింటి పోస్టుమాస్టరుకి."

"ఆయన భోజనాల వేళ అవుతుందేమోనే."

"తలుపు కొట్టండి," అంది టైలరమ్మ. "నేను కూడా వస్తాను."